వీధి సమస్యను మున్సిపాలిటీ చేత బాగు చేయించుకోవడం ఎలా: అర్జీ నుంచి పని పూర్తయ్యే దాకా

వీధి దీపం వెలగడం లేదు. మురుగు రోడ్డెక్కింది. కుళాయిలో రంగు నీళ్లు వస్తున్నాయి. ఎవరికి చెప్పాలి, చెప్పినా కదలకపోతే ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఉండేవాళ్లకు పనికొచ్చేలా మొత్తం పద్ధతిని వరుసగా రాస్తున్నాను. పల్లెల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

చదువుతున్నంతసేపూ ఒక్క విషయం గుర్తుంచుకోండి. మీ అర్జీ కమిషనర్ దగ్గర ఆగదు, చివరికి నిచ్చెనో పారో పట్టుకుని వచ్చే కార్మికుడి దాకా వెళ్తుంది. ఆ మనిషి ఎవరినీ దారి అడగకుండా, మీకు ఫోన్ చేయకుండా, సరిగ్గా ఆ చోటికి వచ్చి నిలబడగలిగితే మీ పని సగం అయినట్టే. కింద చెప్పే ప్రతి మెట్టూ దానికోసమే.

1. ముందు సమస్యను మీరే నిదానంగా చూడండి

చాలా అర్జీలు ఇక్కడే దెబ్బతింటాయి. కోపంలో రాస్తాం, కానీ ఏం చెడిందో చూడం. ఒక పూట ఆగి గమనిస్తే అర్జీ బలం మారిపోతుంది.

వీధి దీపాలు: ఒక్కటే ఆరిందా, వరసంతా ఆరిందా? ఒక్కటే అయితే లోపం ఆ దీపంలోనో దాని వైరులోనో ఉంటుంది. వరసంతా చీకటైతే కేబుల్‌నో స్విచ్ బాక్సునో అనుమానించాలి. పట్టపగలు కూడా వెలుగుతుంటే టైమరో స్విచ్చో చూడాలి. ఈ మూడింటికీ వచ్చే మనుషులూ వేరు, తెచ్చే సామానూ వేరు. "మా వీధిలో దీపాలు లేవు" అని మాత్రమే రాస్తే ఒక బల్బు పట్టుకుని వచ్చి, అది సరిపోదని తెలిసి, వెనక్కి వెళ్లిపోతారు.

మురుగు: రోజూ పొంగుతోందా, వాన పడ్డప్పుడేనా? రోజూ పొంగితే లోపల అడ్డం పడి ఉంటుంది. వానకే పొంగితే పైపు చాలకపోవడమో, వాలు లేకపోవడమో, ఇళ్ల మేడల మీది వాననీళ్లను మురుగు లైనులోకి వదలడమో కారణం. అడ్డం పడిందనుకుంటే ఏ మ్యాన్‌హోల్ దగ్గర పొంగుతోందో, పల్లం వైపు దాని తర్వాతిది ఎలా ఉందో చూడండి. మొదటిది పొంగుతూ తర్వాతిది మామూలుగా ఉంటే అడ్డం ఆ రెండింటి మధ్యే ఉంటుంది. ఈ ఒక్క ముక్క రాస్తే వచ్చినవాళ్లకు గంటల పని తగ్గుతుంది.

మూత మాత్రం మీరు తీయకండి. పైనుంచి కనిపించినంతే చూడండి. లోపలి విషవాయువు కంటికి కనిపించదు, క్షణాల్లో మనిషిని పడేస్తుంది. పని తొందరగా కావాలని ఎవరికో డబ్బిచ్చి లోపలికి దింపడం అంతకంటే ఘోరం. రక్షణ లేకుండా మనిషిని మురుగు లైనులోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. యంత్రంతో చేయమనే అడగండి. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించాలంటే 14420 హెల్ప్‌లైన్ ఉంది.

కుళాయి నీళ్లు: రంగో వాసనో మొదటి అయిదు నిమిషాలే ఉండి పోతోందా, వదిలినంతసేపూ ఉంటోందా? మీ ఒక్క ఇంట్లోనా, ఆ వరసలో ఎన్ని ఇళ్లలో? మీ ఒక్కరికే అయితే మీ ఇంటి కనెక్షన్ పైపు చూసుకోవాలి. వరసంతా అయితే మురుగు కాలువ పక్కనో కిందో పోయే నీటి పైపు ఎక్కడో పగిలి ఉండొచ్చు. ఇది ఆగే సమస్య కాదు, అదే రోజు ఫోన్ చేయాలి. బాగయ్యే దాకా నీళ్లు మరగబెట్టి తాగండి. పారదర్శకమైన సీసాలో నీళ్లు పట్టి, తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

రోడ్డు గుంత: పూడ్చినచోటే మళ్లీ కుంగుతోందంటే కింద పైపు కారుతోందేమో చూడాలి. ఎండ కాస్తున్నా ఆ చోట తడి ఆరకపోతే అనుమానం బలపడుతుంది. అలాంటప్పుడు గుంత పూడ్చమని అడిగితే నెలకోసారి అడుగుతూనే ఉండాలి. పైపు చూడమని అడగండి.

వీధి కుక్కలు: 2023 నాటి నియమాల ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేయించడం స్థానిక సంస్థ బాధ్యత. ఆ తర్వాత సాధారణంగా పట్టిన చోటే వదులుతారు. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరించిన గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేనివి ఎన్ని, ఏ వేళ ఎక్కడ చేరుతున్నాయి అని రాయండి. ఎవరినైనా కరిస్తే అర్జీ తర్వాత. ముందు గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి.

2. ఆ పని ఎవరిదో తేల్చుకోండి

తప్పు ఆఫీసుకు వెళ్లిన అర్జీ టేబుళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. స్థూలంగా పంపకం ఇలా ఉంటుంది.

- స్తంభానికి ఉన్న వీధి దీపం: మున్సిపాలిటీ లేదా పంచాయతీ.
- తెగిన కరెంటు తీగ, ఒరిగిన స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్: విద్యుత్ సంస్థ, 1912. ఇక్కడ అర్జీ రాస్తూ కూర్చోకూడదు, ఫోనే చేయాలి.
- చెత్త, సైడు కాలువల పూడిక, దోమలు: మున్సిపాలిటీ పారిశుద్ధ్య విభాగం. వార్డులో మొదట పలకాల్సింది శానిటరీ జవాన్, ఆయన పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్.
- లోపలి రోడ్లు, కల్వర్టులు, కాలువ కట్టడం: ఇంజినీరింగ్ విభాగం. మీ వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), ఆయన పైన డీఈ (డిప్యూటీ ఇంజినీర్).
- రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన కట్టడాలు: టౌన్ ప్లానింగ్ విభాగం.
- నీళ్లు, భూగర్భ మురుగు: చాలా పట్టణాల్లో మున్సిపాలిటీయే. హైదరాబాద్‌లో మాత్రం జలమండలి, 155313.
- ఊరి గుండా పోయే పెద్ద రోడ్డు: ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖ. జాతీయ రహదారి అయితే 1033.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి మెట్టు వార్డు సచివాలయం. దీపాలు, నీళ్లు, రోడ్ల సంగతి అయితే ఎమినిటీస్ (సౌకర్యాల) కార్యదర్శిని, చెత్త, కాలువల సంగతి అయితే పారిశుద్ధ్య కార్యదర్శిని అడగండి. పల్లెల్లో అయితే రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ కార్యదర్శి. గ్రామసభలో లేచి అడిగి, అది తీర్మానాల పుస్తకంలో ఎక్కేలా చూసుకుంటే ఆ మాటకు బరువు ఎక్కువ.

"ఇది మాది కాదు" అని ఏ ఆఫీసైనా అంటే వాదించకండి. "ఎవరిదో ఈ అర్జీ కాపీ మీదే రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. రాసిస్తే తర్వాతి ఆఫీసులో అది ఆధారం. రాయడానికి వెనకాడితే చాలాసార్లు అర్జీ తీసేసుకుంటారు.

3. రుజువులు సిద్ధం చేసుకోండి

ఫోటో అంటే సమస్యను దగ్గరగా తీసిన ఒక్కటి చాలదు. మూడు కావాలి. దగ్గర నుంచి ఒకటి, పక్కన ఇల్లో దుకాణమో గుర్తుపట్టేలా కాస్త దూరం నుంచి ఒకటి, వీధి మొదలు నుంచి ఒకటి. గుంత లోతు తెలియాలంటే అందులో కర్ర నిలబెట్టి తీయండి. పక్కన చెప్పు పెట్టి తీసినా వెడల్పు అర్థమవుతుంది.

ఇంటి నుంచి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- వార్డు నంబరు, వీధి పేరు, ఎదురుగా ఉన్న ఇంటి నంబరు
- దీపం అయితే స్తంభం మీద రాసి ఉన్న నంబరు
- ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ
- ఎన్ని ఇళ్లకు ఇబ్బంది
- ఇదివరకు ఫిర్యాదు చేసి ఉంటే దాని నంబరు, తేదీ
- మీ ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు (తప్పనిసరి కాదు, ఉంటే వార్డు వెంటనే దొరుకుతుంది)

దెబ్బలు తగిలినవాళ్ల ఫోటోలు, పిల్లల ముఖాలు కనిపించేవి జత చేయకండి. ప్రమాదం జరిగిందని తేదీతో ఒక్క వాక్యం రాస్తే చాలు.

4. అర్జీ రాయండి: ఒక కాగితం, ఒక సమస్య

దీపాలు, కుక్కలు, చెత్త, రోడ్డు అన్నీ ఒకే అర్జీలో గుచ్చకండి. నాలుగు విభాగాలకు సంబంధించిన కాగితాన్ని ఏ విభాగమూ తనదనుకోదు. వాటిలో ఒకటి చేసి మొత్తం అర్జీ పరిష్కారమైనట్టు రాసుకోవడమూ జరుగుతుంది. నాలుగు సమస్యలుంటే నాలుగు కాగితాలు, నాలుగు నంబర్లు.

"తగు చర్యలు తీసుకోగలరని మనవి" అనే వాక్యం దశాబ్దాలుగా అర్జీల చివర ఉంటోంది. దానికి తగ్గట్టే "తగు చర్యలు తీసుకున్నాం" అనే జవాబూ వస్తోంది. ఏం చేయాలో మీరే పేరు పెట్టి అడగండి. నమూనా ఇది:

> కమిషనర్ గారికి,
> ఫలానా మున్సిపాలిటీ.
>
> విషయం: 12వ వార్డు, ఫలానా వీధిలో పొంగుతున్న మ్యాన్‌హోల్ గురించి.
>
> అయ్యా,
> ఇంటి నంబరు ఫలానా ఎదుట ఉన్న మ్యాన్‌హోల్ ఈ నెల 3వ తేదీ నుంచి రోజూ ఉదయం 6 నుంచి 9 దాకా పొంగుతోంది. వాన లేని రోజుల్లోనూ ఇలాగే ఉంది. పల్లం వైపు తర్వాతి మ్యాన్‌హోల్ మామూలుగానే ఉంది కాబట్టి రెండింటి మధ్య అడ్డం పడినట్టు అనుమానం. 14 ఇళ్ల వాళ్లు ఈ మురుగులోంచే నడుస్తున్నాం. 5వ తేదీన ఫోన్‌లో ఫిర్యాదు చేశాం, నంబరు ఫలానా.
>
> మా విన్నపం: ఈ రెండు మ్యాన్‌హోళ్ల మధ్య లైనును యంత్రంతో శుభ్రం చేయించి, తీసిన పూడికను అదే రోజు తరలించాలి.
>
> జత: ఫోటోలు 3.
> సంతకం, పేరు, చిరునామా, ఫోన్, తేదీ.

చివరి మాట గమనించారా, పూడిక తరలించడం? కాలువలో తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే తర్వాతి వానకు మళ్లీ లోపలికే జారుతుంది. అది అడగడం మరిచిపోయి, మా వీధివాళ్లం ఒకే కాలువ గురించి ఒకే వానాకాలంలో రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం. ఈ వాక్యం మీ కాగితంలో ఉండాలి.

ఇరుగుపొరుగు సంతకాలు మంచివే, కానీ ప్రతి సంతకం పక్కన ఇంటి నంబరు, ఫోన్ ఉండాలి. ఉత్త పేర్ల జాబితా కంటే ఫోన్ చేస్తే పలికే అయిదుగురు మేలు. పక్కింటాయన వల్లే ఇదంతా అనిపించినా, రుజువు లేకుండా పేరు రాయకండి. చోటు రాయండి చాలు. పేరు రాశారంటే అది వీధి సమస్య కాకుండా ఇద్దరి తగాదాగా మారుతుంది, అధికారి పక్కకు తప్పుకుంటాడు.

5. ఇచ్చేటప్పుడు నంబరు లేకుండా కదలకండి

చిన్న పనికి (దీపం, చెత్త బండి రాకపోవడం) ఫోనో యాపో చాలు. మీ మున్సిపాలిటీ టోల్ ఫ్రీ నంబరు ఆఫీసు గోడ మీద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1100కు కూడా చేయొచ్చు. ఖర్చుతో కూడిన పనికి (కాలువ కట్టడం, రోడ్డు వేయడం) కాగితమే ఇవ్వండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇన్‌వర్డ్‌లో (ఆఫీసుకు వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే చోట) ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి, చేరినట్టు రుజువు దాచండి.

జిల్లా కలెక్టరేట్లలో సోమవారాల్లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక పేరుతో. మొదటి రోజే అక్కడికి వెళ్లకండి. అక్కడి నుంచి అది మళ్లీ మీ మున్సిపాలిటీకే వస్తుంది. కింద ఇచ్చి ఫలితం లేకపోయాక, ఆ నంబర్లు చూపిస్తూ వెళ్తే అక్కడ విలువ ఉంటుంది.

కౌన్సిలర్‌కో కార్పొరేటర్‌కో చెప్పడం తప్పేమీ కాదు, చెప్పాలి కూడా. కానీ నోటి మాటగా వదిలేయకుండా ముద్ర వేసిన అర్జీ కాపీ ఇవ్వండి. అడగడానికి ఆయన చేతిలోనూ ఒక నంబరు ఉంటుంది.

6. వెంటపడే పద్ధతి

రోజూ ఫోన్ చేస్తే విసుక్కుంటారు, నెలంతా ఊరుకుంటే మరిచిపోతారు. నేను పాటించే లెక్క ఇది, ఇది చట్టం కాదు.

- మూడో రోజు: అర్జీ ఏ విభాగానికి, ఎవరి దగ్గరికి వెళ్లిందో కనుక్కోండి.
- ఏడో రోజు: ఆ ఏఈనో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో కలవండి. వీలైతే చోటు చూడటానికి రమ్మనండి.
- పదిహేనో రోజు: పాత నంబరు రాసి కమిషనర్‌కు గుర్తుచేసే లేఖ.
- ముప్పయ్యో రోజు: సోమవారం కలెక్టరేట్.

నీళ్లు, తెగిన తీగలు, మూత లేని మ్యాన్‌హోల్ అయితే ఈ లెక్క వర్తించదు. అదే రోజు ఫోన్, మర్నాడు స్వయంగా వెళ్లడం. మ్యాన్‌హోల్‌కు మూత వచ్చే దాకా చుట్టూ చెట్టు కొమ్మో రాళ్లో పెట్టి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి. వాన నీళ్లు నిలిస్తే ఆ గుంత ఎక్కడుందో ఎవరికీ కనిపించదు.

మాట్లాడిన ప్రతిసారీ తేదీ, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. "నిధులు లేవు" అంటే అడగాల్సింది: "ఎస్టిమేట్ వేశారా? వేస్తే ఎంత? ఎప్పుడు మంజూరుకు పెడతారు?" పెద్ద పనికి ఎస్టిమేట్, మంజూరు, టెండర్ దశలున్నాయి. ఏ దశలో ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. బడ్జెట్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి కొత్త రోడ్డు, కొత్త కాలువ లాంటివి చలికాలంలోనే అడగండి. పూడికతీత అర్జీ మాత్రం వేసవిలో ఇవ్వాలి. జూన్‌లో నీళ్లు నిలిచాక ఇస్తే అప్పటికే ఆలస్యం.

7. పని కాకుండానే "పరిష్కారమైంది" అని వస్తే

ఇది అందరికీ ఎదురయ్యేదే, ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. దయచేసి ఆగకండి.

మెసేజ్ వచ్చిన రోజే ఆ చోటు ఫోటో తీయండి. ఫిర్యాదును మళ్లీ తెరిచే వీలుంటే తెరవండి. లేకపోతే కొత్త అర్జీలో "ఫలానా నంబరు ఫిర్యాదు ఫలానా తేదీన మూసేశారు, అదే రోజు తీసిన ఫోటో జత చేశాను" అని రాసి పై అధికారికి ఇవ్వండి. ఎవరినీ నిందించక్కర్లేదు, ఆ రెండు తేదీలే చెప్తాయి. ఒక్కోసారి నిజంగానే పక్క వీధిలో పని చేసి ఉంటారు. అందుకే చోటు గుర్తులు అంత అవసరం.

8. సమాచార హక్కు దరఖాస్తు

నెల దాటినా కదలిక లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీలోనే పౌర సమాచార అధికారి ఉంటారు. రుసుము 10 రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసులో 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు, రుజువు జత చేస్తే చాలు.

ఎక్కువమంది చేసే తప్పు "ఎందుకు చేయలేదు?" అని అడగడం. చట్టం ఇచ్చేది రికార్డుల్లో ఉన్న సమాచారం, సంజాయిషీ కాదు. ఇలా అడగండి:

- నా ఫిర్యాదు నంబరు ఫలానా ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఎన్ని రోజులు ఉంది
- దాని మీద రాసిన నోట్ ఫైలు ప్రతులు
- ఈ పనికి ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్ ఉంటే వాటి ప్రతులు
- పని పూర్తయినట్టు రాసి ఉంటే ఎం-బుక్ పేజీ ప్రతి

ఎం-బుక్ అంటే చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం. బిల్లు దాని ఆధారంగానే అవుతుంది. అందులో 40 మీటర్లు అని ఉండి వీధిలో 25 మీటర్లే ఉంటే మీకు వేరే రుజువు అక్కర్లేదు.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా, తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇంత దూరం పోవాల్సిన పని తక్కువసార్లే వస్తుంది. దరఖాస్తు అందిందంటే ఫైలు వెతకాలి, వెతికితే ఆగిన పని బయటపడుతుంది.

9. అయినా కదలకపోతే రెండు దారులు

ఒకటి శాశ్వత లోక్ అదాలత్. నీటి సరఫరా, విద్యుత్, పారిశుద్ధ్యం దీని పరిధిలో ఉన్నాయి. కోర్టుకు వెళ్లకముందే, కోర్టు ఫీజు లేకుండా దరఖాస్తు పెట్టొచ్చు. రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారమూ దానికి ఉంది. వివరాలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

రెండోది ఆర్డీవో. జనానికి ఇబ్బంది కలిగించే విషయాన్ని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఇస్తోంది. 2024 జులై 1కి ముందు ఇదే నేర విచారణ స్మృతిలో 133వ సెక్షన్. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ మీద అక్కడి వార్డు జనం తెరిచి ఉన్న మురుగు గురించి ఈ సెక్షన్ కిందే పోరాడారు. డబ్బు లేదన్న సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మీ అర్జీలో ఆ తీర్పు పేరు ఒక్క వాక్యంలో రాయొచ్చు. ఇక్కడికి వచ్చేసరికి మీ చేతిలో ఇన్‌వర్డ్ నంబర్లు, ఫోటోలు, సమాచార హక్కు జవాబు అన్నీ ఉండాలి. అవి లేకుండా నేరుగా ఈ మెట్టుకు ఎగబడటం వల్లే చాలామంది వట్టి చేతులతో తిరిగొస్తున్నారు.

10. పని జరిగే రోజు, ఆ తర్వాత

వీధిలో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. బళ్లు అడ్డం లేకుండా ముందు రోజే పక్కకు తీయించండి. బండి అడ్డం ఉందని యంత్రం వెనక్కి పోతే మళ్లీ వరసలో నిలబడాల్సిందే. వచ్చిన కార్మికులకు మంచినీళ్లివ్వండి, చేతి తొడుగులు లేకుండా మురుగులో చేయి పెడుతుంటే ఆపి, వాళ్ల సూపర్‌వైజర్‌ను అడగండి.

పని అయ్యాక ఇవి చూడండి:

- దీపం: చీకటి పడ్డాక వెలిగిందా, తెల్లారాక ఆరిందా
- మురుగు: మర్నాడు ఉదయం నీళ్ల వాడకం ఎక్కువగా ఉన్న వేళ పొంగలేదా
- గుంత: పూడ్చింది రోడ్డుకు సమానంగా ఉందా, వట్టి మట్టీ కంకరా పోసి వదిలేశారా
- కాలువ: పూడిక తీసుకెళ్లారా, పలకలు తిరిగి పెట్టారా

బాగుంటే ఫిర్యాదు మూసేయడానికి ఒప్పుకోండి, చేసిన ఏఈకో జవాన్‌కో ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. పని పూర్తయిన తేదీ, ఫోటో, కాంట్రాక్టరు చేసిన పనైతే వర్క్ ఆర్డర్ నంబరు కూడా నోటు పుస్తకంలో రాయండి. కొత్త రోడ్డో కాలువో అయితే కొంతకాలం దాకా లోపాలను సొంత ఖర్చుతో సరిచేసే బాధ్యత కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో ఉంటుంది. ఆ గడువు ఎంతో అప్పుడే అడిగి, గడువు తీరే నెలకు ముందు నెల దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ నెలలో వీధంతా ఒకసారి నడిచి పగుళ్లు చూసి రండి.